తోటి ఉపాధ్యాయుని పెండ్లి

చదువవలసిన భాగము: 1 కొరింథీయులకు 10:23–33

మాతోకూడ పనిచేయు హిందూ ఉపాధ్యాయుడొకరు తన పెండ్లికి రమ్మని శుభలేఖ ఇచ్చిరి. పోవచ్చునా అను సందేహము మాకు కలిగెను.

కొరింథులోని విశ్వాసులకును ఇట్టి సందేహమే యుండెను. అవిశ్వాసి ఇంటి విందుకు పోవుటను పౌలు నిషేధింపలేదు. వడ్డించినదానిని ఆరా తీయక తినవచ్చుననెను. అయితే అది దేవతకు అర్పించినదని ఎవరైన తెలిపినయెడల, ఆ తెలిపినవాని మనస్సాక్షి కొరకు మానవలెననెను.

మేము పోతిమి. వధూవరులు జీలకఱ్ఱ బెల్లము పెట్టుకొనినప్పుడును, నవ్వుచు తలంబ్రాలు పోసికొనినప్పుడును మేమును సంతోషించితిమి. పంక్తిలో కూర్చుండి భుజించితిమి. మరునాడు సత్యనారాయణ వ్రతము ముగిసిన పిమ్మట వరుని తల్లి, "స్వామివారి ప్రసాదము" అని చెప్పి తెచ్చిరి. చేతులు జోడించి, "అమ్మా, క్షమింపుడు. మా విశ్వాసమునుబట్టి తీసికొనలేము" అంటిమి. ఆమె నొచ్చుకొనలేదు. "ఫరవాలేదు నాయనా, భోజనము చేసి వెళ్లండి" అని విస్తరి వేయించిరి.

ఆమె మా మనస్సాక్షిని గౌరవించిరి. మన ఇంటి పెండ్లికి మాంసము ముట్టని పొరుగువారు వచ్చినప్పుడు, వారికి వేరుగ వండించుచున్నామా? ఎదుటివాని మేలు చూచుటయే పౌలు నేర్పిన పాఠము. దానిని ఆ తల్లి మాకు జ్ఞాపకము చేసిరి.