ఎర్రచందనపు సంతతి



నీ యుత్తరము చేరినది. శేషాచలమున తొలివానలకే తల్లిచెట్ల చెంత ఎర్రచందనపు మొలకలు విరివిగా కనబడుచుండగా, 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము (ఐ.యు.సి.ఎన్.) ఈ వృక్షమును ఆపన్నజాతులలో ఏల చేర్చినదని యడిగితివి. అడుగదగిన ప్రశ్నయే, తల్లీ. శేషాచల, పాలకొండ, లంకమల, వెలిగొండ శ్రేణులను, వాని పరిసరములను దాటి సహజముగా పెరుగనొల్లని యీ చెట్టు వృద్ధిక్షయములను మొలకల లెక్కతో నిర్ణయింపరాదు.

కాయను అరచేత నుంచుకొని చూడుము: గుండ్రని పలుచని బిళ్ళ, చుట్టును రెక్కయంచు, నడుమ ఉబ్బుగానున్నచోట ఒకటి, అరుదుగా రెండు విత్తులు. గాలికి చెదరిన కాయలలో మొలచునవి కొన్నియే. మొలచినవానిలో తొలివేసవిని దాటునవి మరియు కొలదియే. అయినను ఎండిన పుల్లను చూచినంతనే మొక్క చచ్చినదని వ్రాసికొనకుము. మొదలుచెంత మన్నును వ్రేలితో తొలగించినచో వేరు పచ్చిగా నుండవచ్చును; కాండము ఏటేట ఎండినను లోపల వేరు బలియుచు, తొలకరికి మరల చిగుర్చుట దీని స్వభావము. కావుననే యేండ్లు గడచిన కొండమొక్క, నర్సరీలో నీరుపోసి పెంచిన పిన్నమొక్కకంటె పొట్టిగా నుండుట కలదు.

అట్టిచోట వయస్సును నమ్ముట యెట్లు? 1945లో లెస్లీ యను శాస్త్రజ్ఞుడు జీవసంఖ్యను వయోవర్గములుగా విభజించి మాత్రికాగణితముతో లెక్కించు మార్గమును చూపగా, 1965లో లెఫ్కోవిచ్ అను మరియొక శాస్త్రజ్ఞుడు దానిని దశలకు అన్వయించెను. మొలక, లేతమాను, కాపుచెట్టు అను దశలలో ఏటికెన్ని బ్రతికినవి, ఎన్ని పైదశ కెక్కినవి, ఎన్ని విత్తుల నిచ్చినవి యని మాత్రికలో నమర్చినచో వృద్ధిరేటు తేలును. అది ఒకటిని మించెనేని సంతతి పెరుగును, తగ్గెనేని క్షీణించును.

దీర్ఘాయువులగు వృక్షములలో తరచుగా ఆ రేటును నిలుపునది కాపుచెట్ల మనుగడయే. ఒకయేటి అనావృష్టికి మొలకలన్నియు మాడినను, పెద్దచెట్టు నిలిచియున్నచో మరియొకయేట మరల కాయును. అది కూలెనా, దాని స్థానమునకు మొలక యెదిగివచ్చుటకు దశాబ్దములు పట్టును. దొంగల గొడ్డలి వెదకునది సరిగా ఆ దశనే. చేవ కట్టిన మానునే గదా వారు దుంగలుగా నరకునది! మోటినుండి పిలకలు లేచునుగాని, అవి కాపునకు వచ్చుదనుక అడవికి విత్తు లేదు. ఇంతలో బోదగడ్డిలో రేగిన మంటలు, పశువుల మేత లేతమానులనే తగ్గించినచో పెద్దవాని వెనుక నిలుచు వరుస తెగిపోవును. నీకు వందల మొలకలు కనబడినచోట, తొడయంత లావు మానులెన్నియో చూచితివా?

ఈ యేడు ఒక తావును హద్దుకట్టి, ప్రతి మొక్కకును అంకెబిళ్ళను తగిలించి, మొదలు చుట్టుకొలతను వ్రాసికొనుము. ఏటేట అదే మాసమున వానినే కొలువుము. ఎండిన మొక్కను రెండు తొలకరులు చూచినపిమ్మటనే లెక్కనుండి కొట్టివేయుము.

ఇట్లు,
నీ తాతయ్య