ఎండ ఒక్కటే కాదు, గాలిలో చెమ్మ కూడా చూడాలి



మన హాస్టల్లో ఎక్కువమందిమి మన్యం నుంచి వచ్చినవాళ్లమే. కొత్తగా చేరిన చెల్లాయిలు ఒక మాట అంటుంటారు: "మా ఊళ్లో కూడా ఎండలు మండుతాయి. కానీ ఇక్కడ ఎండ లేకపోయినా ఒళ్లంతా జిడ్డుజిడ్డుగా ఉంటుంది." ఈ మాటలో పెద్ద సైన్సు పాఠం ఉంది. వేడి ఎంతో చెప్పే అంకె ఒక్కటి చూస్తే సరిపోదు. గాలిలో నీరు ఎంత ఉందో కూడా చూడాలి. రెండూ కలిపి చూస్తేనే తుఫాను, వడదెబ్బ, మలేరియా, ధాన్యం అమ్మకం అన్నీ అర్థమవుతాయి.

గాలిలో నీరు ఎక్కడిది?

సముద్రం, నది, చెరువులు, వరిచేలు, చెట్ల ఆకులు, వీటన్నిటి నుంచి నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. కంటికి కనపడదు. గోదావరి డెల్టాలో ఇది ఎక్కువ. ఒక పక్క బంగాళాఖాతం, మధ్యలో గోదావరి పాయలు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి కాలువల నీరు చేలల్లో నిలుస్తోంది.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరి పడుతుంది. ఒక ఘనపు మీటరు చోటులో 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాములు, 30 డిగ్రీల దగ్గర 30 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములు పడుతుంది. పట్టగలిగినదానిలో ఎన్నో వంతు ఉందో చెప్పేదే సాపేక్ష ఆర్ద్రత. 30 డిగ్రీల గాలిలో 24 గ్రాముల ఆవిరి ఉంటే 80 శాతం. అదే 24 గ్రాములు 40 డిగ్రీల గాలిలో ఉంటే 47 శాతమే.

వంటగదిలో ఉప్పు డబ్బా కూడా ఒక కొలత పరికరమే. ఆర్ద్రత 75 శాతం దాటితే ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. ఉప్పు నీరైతే వాన దగ్గర పడిందని మన పెద్దవాళ్లు అనేది ఇందుకే.

మేం కొలిచిన విధం

బడి తెరిచాక, వానలు పడకముందు, నేనూ నా స్నేహితురాళ్లు ఇద్దరూ ల్యాబులోని రెండు థర్మామీటర్లు వరండాలో నీడన వేలాడదీశాం. ఒకదాని బల్బుకు పల్చని తడి గుడ్డ చుట్టి, విసనకర్రతో విసిరాం. గుడ్డలో నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది, అందుకని తడి థర్మామీటరు తక్కువ చూపుతుంది. గాలి పొడిగా ఉంటే తేడా ఎక్కువ, చెమ్మగా ఉంటే తక్కువ.

ఉదయం ఆరింటికి పొడిది 28, తడిది 26.5. పట్టికలో చూస్తే ఆర్ద్రత 89 శాతం. మధ్యాహ్నం రెండింటికి పొడిది 36, తడిది 29. ఆర్ద్రత 60 శాతం. శాతం తగ్గింది కాబట్టి నీరు పోయిందనుకోకూడదు. లెక్క వేస్తే రెండు వేళల్లోనూ ఘనపు మీటరుకు 24, 25 గ్రాములే వచ్చాయి. పెరిగింది వేడి మాత్రమే.

తుఫాను

సముద్రం పైనీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి వేడెక్కితే ఆవిరి బాగా లేస్తుంది. అది పైకి పోయి చల్లబడి నీటి చుక్కలుగా మారేటప్పుడు, ఆవిరయ్యేనాడు తీసుకున్న వేడిని తిరిగి వదులుతుంది. ఆ వేడే తుఫానుకు బలం. నేల మీదికి వచ్చాక ఆవిరి అందక బలం తగ్గుతుంది. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు నేలకూలాయి.

మన ఒళ్లు

మట్టికుండ బయటికి చెమర్చి, ఆ చెమ్మ ఆరుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. మన ఒళ్లూ అంతే. చెమట పట్టడం వల్ల కాదు, చెమట ఆరడం వల్ల చల్లబడతాం. గాలి అప్పటికే చెమ్మతో నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. ఒంటి వేడి లోపలే ఉండిపోతుంది. తడి థర్మామీటరు 35 డిగ్రీలు చూపితే, ఆరోగ్యంగా ఉన్న మనిషి నీడలో కూర్చున్నా కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పనిచేసేవాళ్లకు, ముసలివాళ్లకు అంతకన్నా ముందే ప్రమాదం.

భారత వాతావరణ శాఖ వడగాలి అని చెప్పాలంటే మైదానాల్లో కనీసం 40 డిగ్రీలు, కోస్తాలో 37, కొండల్లో 30 ఉండాలి. మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ కూడా ఉండాలి. కోస్తా అంకె చిన్నదని తేలికగా తీసుకోకూడదు. ఇక్కడ చెమ్మ తోడవుతుంది. 2003 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3000 మంది, 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు 2000 మంది వడదెబ్బకు చనిపోయారు. వాళ్లలో కూలిపనికి పోయేవాళ్లే ఎక్కువ. మన అమ్మానాన్నల్లాంటివాళ్లు.

ఎవరికైనా తల తిరిగి, వాంతి వచ్చి, మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే వెంటనే నీడకు చేర్చాలి. ఒళ్లంతా తడిపి విసరాలి. 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. స్పృహ ఉంటే లీటరు మంచినీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. చెంచాలు చిన్నవి, తలకొట్టి కొలవాలి.

దోమలు

మలేరియా దోమ రోగిని కుట్టిన వెంటనే ఇంకొకరికి రోగం అంటించలేదు. క్రిమి దాని ఒంట్లో ఎదగడానికి ఇంచుమించు 10 నుంచి 14 రోజులు పడుతుంది. మే నెల పొడి వేడికి దోమ అన్నాళ్లు బతకదు. ఆర్ద్రత 60 శాతం దాటి, వేడి మధ్యస్థంగా ఉంటే బతుకుతుంది. మన్యంలో వానాకాలం మొదలవగానే జ్వరాలు ఎక్కువయ్యేది ఇందుకే. కాబట్టి దోమతెర దోమలు బాగా కుట్టాక కాదు, ఉప్పు చెమ్మగిల్లిన రోజు నుంచే కట్టుకోవాలి.

ధాన్యం, మగ్గం, కూలరు

ప్రభుత్వం కొనే ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదు. తడి గింజ గుండా కరెంటు తేలిగ్గా పోతుంది, పొడి గింజ గుండా పోదు. తేమ మీటరు ఆ తేడాను చూసి శాతం చెబుతుంది. కోతల వేళ ముసురు పడితే ధాన్యం ఆరదు, మొలకెత్తుతుంది. మన ఇప్పపువ్వుకు కూడా చెమ్మ తగిలితే బూజే.

అలాగని చెమ్మ ఎప్పుడూ శత్రువు కాదు. ఉప్పాడ జాందానీ నేసే గుంట మగ్గాలను నేలలోకి దించి పెడతారు. పొడిగాలికి నూలు పెళుసై తెగుతుంది, గుంటలోని చెమ్మ దాన్ని కాపాడుతుంది. అడ్డాకులు మరీ ఎండితే విరుగుతాయని, విస్తరి కుట్టేముందు మన అమ్మలు నీళ్లు చల్లరా? అదే సూత్రం.

నీళ్లు పోసే కూలరు పనిచేసేదీ కుండలాగే. పొడిగాలి ఉన్న ఊళ్లో హాయిగా ఉంటుంది. ఇక్కడ తలుపులు మూసి పెడితే గదిలో చెమ్మ పెరిగి ఉక్కపోత ఎక్కువవుతుంది. కిటికీలు తెరిచి పెట్టాలి.

ఒక మనవి

వార్డెను మేడమ్ గారు అనుమతిస్తే, వరండాలో రెండు థర్మామీటర్లు ఎప్పుడూ ఉంచుదాం. తొమ్మిదో తరగతి వాళ్లం వంతులవారీగా రోజుకు రెండుసార్లు చూసి నోటీసుబోర్డు మీద రాస్తాం. తడి థర్మామీటరు 28 దాటిన రోజున సాయంత్రం డ్రిల్లు, ఆటలు కాస్త ఆలస్యంగా పెట్టమని కోరుతున్నాం. గుడ్డ తడపడానికి గ్లాసుడు నీళ్లు చాలు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి అమ్మానాన్నలకు కూడా చెప్పండి. పొలంలో ఉక్కపోతగా ఉండి చెమట ఆరడం లేదంటే, ఎండ తక్కువగా కనపడినా పని ఆపి నీడకు రావాలి.

- 9వ తరగతి విద్యార్థిని