పరీక్షకు మించిన చదువు

పనిచేయువారు రెండు తెఱగులవారు. ఒప్పుకొన్న పనిని ఒప్పుకొన్న మేరకు ముగించి చేతులు దులుపుకొనువారు కొందఱు. ఆ మేరను దాటి, పని చక్కగా కుదురువఱకు దానిని విడువనివారు మఱికొందఱు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈ రెండవ కోవకు చెందినవాడు.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. ఇంగ్లండులో చదువు ముగించుకొని, ఈస్టిండియా కంపెనీ కొలువునకై 1817లో చెన్నపట్టణము చేరెను. కంపెనీ ఉద్యోగులు దేశభాషలలో పరీక్ష నెగ్గవలెనను నియమము ఆనాడుండెను. బ్రౌను అచ్చటి కళాశాలలో తెలుగు నేర్చి, పరీక్షలో నెగ్గి, 1820లో కడపలో ఉద్యోగమున ప్రవేశించెను. అర్జీలు వినుటకును, రైతులతో మాటాడుటకును ఆ తెలుగు చాలును. అంతకు మించి నేర్వుమని ఆయనను అడిగినవారు లేరు.

అయినను బ్రౌను అచ్చట ఆగలేదు. 1824లో, ఫ్రెంచి మతగురువు దుబాయ్ వ్రాసిన గ్రంథమున వేమన ప్రస్తావన ఆయన కంటబడెను. వేమన పద్యములకై వెదకింపగా తాటాకు ప్రతులు దొరకెను గాని, అవి ఒకదానితో నొకటి పొసగవయ్యెను. ఒక ప్రతిలోని పద్యము మఱియొక దానిలో లేదు. ఒకచో నున్న పదము వేఱొకచో మాఱియుండెను. చేతికందిన ప్రతిని అచ్చువేయించి ఊరకుండిన తప్పుపట్టువారు లేరు. బ్రౌను అట్లు చేయక, పెక్కు ప్రతులు తెప్పించి, పోల్చి చూచి, పద్యములను ఏర్చి కూర్చి, ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను. అంతటితో తృప్తిపడక, మఱిన్ని పద్యములు చేర్చి, 1839లో రెండవ కూర్పు వెలువరించెను.

ఆ కాలమున తెలుగు గ్రంథములు పెక్కు తాటాకులయందే యుండెను. ఆకులను పురుగులు తినుచుండెను. ఒక లేఖకుని పొరపాటును తరువాతి లేఖకుడు అట్లే దింపుకొనుచుండెను. ఒక తరము ఉపేక్షించినచో ఎన్ని కావ్యములు రూపుమాసెడివో! బ్రౌను కడపలోని తన బంగళాలో పండితులను, లేఖకులను చేర్చి, తన సొంతసొమ్ముతో జీతములిచ్చి పోషించెను. జూలూరి అప్పయ్య మొదలగు పండితులు ప్రతులను సరిపోల్చి, తప్పులు దిద్ది, శుద్ధప్రతులు సిద్ధపఱచిరి. వారి పాండిత్యము లేనిదే బ్రౌను సంకల్పము నెఱవేఱియుండదు.

నిఘంటువు విషయమునను ఆయన తీరు అదియే. తెలుగు పదములకు ఆంగ్లమున అర్థములు తెలుపు నిఘంటువు 1821లోనే ఒకటి అచ్చయియుండెను. దానితో ఉద్యోగుల పని సాగుచుండెను. బ్రౌను మాత్రము ప్రతి పదమునకును వాడుకయే సాక్ష్యమని తలచెను. కవుల ప్రయోగములను ఏఱి చూపెను. పండితులు చిన్నచూపు చూచు జనుల నోటి మాటలకు కూడ చోటిచ్చెను. ఏండ్ల తరబడి సాగిన ఈ కృషి ఫలితముగా ఆయన నిఘంటువు 1852లో వెలువడెను. అందు లోపములు లేకపోలేదు. కందుకూరి వీరేశలింగము పంతులు మొదలగువారు దానిని సవరింపగా 1903లో క్రొత్త కూర్పు వచ్చెను. పునాది గట్టిదగుటచేతనే పిదపవారు దానిపై కట్టగలిగిరి.

ఉద్యోగము చాలించి లండను చేరిన పిదపను బ్రౌను తెలుగును విడువలేదు. అచ్చటి విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. 1884లో కన్నుమూసెను. కడపలో ఆయన బంగళా ఉండిన చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయము కలదు.

కంపెనీ కొలువులో బ్రౌను విచారించిన అర్జీలు నేడెవ్వరికిని జ్ఞాపకము లేవు. ఆ పనికి జీతము ముట్టెను. దానితో ఆ లెక్క తీఱెను. ఎవ్వరును అడుగకయే ఆయన చేసిన పని మాత్రము ఇప్పటికిని తెలుగువారికి అక్కఱకు వచ్చుచున్నది. పరీక్ష నెగ్గుటతో చదువు ముగియదనియు, నిజమైన చదువు అచ్చటనే మొదలగుననియు ఆయన జీవితము తెలుపుచున్నది.