నిదానమే ప్రధానం

‘నిదానం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. తొందరపడకుండా ఉండడం ఒకటి. వ్యాధికి మూలకారణాన్ని కనుగొనడం రెండవది. ఆయుర్వేదంలో ఆ పదాన్ని ఈ రెండవ అర్థంలోనే వాడుతారు. మందు ఇచ్చే ముందు నిదానం చేయాలన్నది వైద్యుల నియమం. ఈ నియమం మనుషులకే కాక కంప్యూటర్లకు, వాటిలో పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు కూడా వర్తిస్తుంది.

ఒకప్పుడు ఛాయాచిత్రకారుడు చీకటి గదిలో రసాయనాల సాయంతో చేసిన పనిని నేడు కంప్యూటర్ చేస్తున్నది. అమెరికాకు చెందిన థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు రూపొందించిన ఫోటోషాప్ 1990లో విడుదలైంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ ప్రారంభించిన గింప్ 1996లో ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. పెళ్లి ఆల్బమ్ మొదలుకొని వీధిలోని ఫ్లెక్సీ వరకు ఎన్నో పనులు ఇటువంటి సాఫ్ట్‌వేర్‌పైనే ఆధారపడి ఉన్నాయి.

ఒక చిన్న పట్టణంలోని ఫోటో స్టూడియోను ఊహించుకోవచ్చు. మరునాటి ఉదయానికి పెళ్లి ఆల్బమ్‌ను ముద్రణకు పంపాలి. తలంబ్రాల ఘట్టాన్ని పేజీలో అమరుస్తుండగా తెర స్తంభించి, సాఫ్ట్‌వేర్ హఠాత్తుగా మూతపడింది. పనిచేస్తున్న యువకుడు దానిని తిరిగి తెరిచాడు. కొద్దిసేపటికి మళ్లీ మూతపడింది. దీనినే ‘క్రాష్’ కావడం అంటారు. ఇటువంటప్పుడు చాలామంది ఆందోళనతో సాఫ్ట్‌వేర్‌ను తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అది నిదానం లేని వైద్యం. పాత సెట్టింగులు కంప్యూటర్‌లో మిగిలి ఉంటే, వాటితోపాటు లోపమూ మిగిలిపోవచ్చు.

మొదటి కర్తవ్యం చిత్రాలను కాపాడుకోవడం. సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ తెచ్చుకోవచ్చు కాని, జరిగిపోయిన పెళ్లిని మళ్లీ జరిపించలేరు. కనుక మూలచిత్రాల నకలును వేరొక డిస్కులో భద్రపరచాలి. అంతవరకు కెమెరా మెమరీ కార్డును చెరపరాదు.

రెండవది పరిశీలన. సాఫ్ట్‌వేర్ తెరిచిన వెంటనే ఆగుతున్నదా? ఒకే చిత్రం దగ్గర ఆగుతున్నదా? ఏదైనా ఒక పరికరాన్ని వాడినప్పుడే ఆగుతున్నదా? ఒకే చిత్రం దగ్గర ఆగితే ఆ ఫైలు చెడిపోయి ఉండవచ్చు, లేదా కంప్యూటర్‌కు మోయలేనంత పెద్దదై ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ కాక కంప్యూటరే ఆగిపోతుంటే వేడిని, దుమ్మును, విద్యుత్ సరఫరాను, మెమరీని అనుమానించాలి.

మెమరీపై పడే భారాన్ని ఒక లెక్కతో గ్రహించవచ్చు. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు గల ఆల్బమ్ పేజీని అంగుళానికి 300 బిందువుల చొప్పున తయారుచేస్తే 3,600 × 10,800, అనగా 3,88,80,000 బిందువులు అవుతాయి. ఒక్కొక్క బిందువుకు మూడు రంగులు, రంగుకు ఒక బైటు చొప్పున సుమారు 117 మెగాబైట్లు కావాలి. ఇది ఒక్క పొరకు మాత్రమే. పేజీ అంతటా పరచుకొన్న పొరలు పది ఉంటే 1,100 మెగాబైట్లు దాటుతుంది. మెమరీ చాలనప్పుడు ఫోటోషాప్ డిస్కులోని ఖాళీ స్థలాన్ని ‘స్క్రాచ్ డిస్క్’గా వాడుకుంటుంది. ఆ స్థలమూ నిండితే పని సాగదు.

కారణం అది కాకపోతే సెట్టింగులను చూడాలి. విద్యుత్తు హఠాత్తుగా పోయినప్పుడు సెట్టింగుల ఫైలు చెడిపోవచ్చు. విండోస్‌లో ఫోటోషాప్‌ను తెరుస్తూనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మీటలను కలిపి నొక్కి ఉంచితే పాత సెట్టింగులను తొలగించాలా అని అడుగుతుంది. సొంత అమరికలకు ముందే నకలు తీసుకోవడం మంచిది. తరువాత అదనంగా చేర్చిన ప్లగిన్లను పరీక్షించాలి. 16 ప్లగిన్లలో ఒకటి దోషి అయితే సగం తొలగించి చూడాలి. దోషం ఉన్న సగాన్ని మళ్లీ సగం చేయాలి. ఇలా నాలుగు పరీక్షలలోనే అది దొరుకుతుంది. చివరగా గ్రాఫిక్స్ కార్డు వాడకాన్ని సెట్టింగులలో నిలిపి చూడాలి. అప్పుడు దోషం పోతే ఆ కార్డు డ్రైవర్‌ను దాని తయారీదారు నుండే తెచ్చుకొని నవీకరించాలి. ఏ దశలోనైనా ఒకసారి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

స్టూడియోలోని యువకుడు ఈ క్రమాన్నే పాటించాడు. చిన్న చిత్రాలు చక్కగా తెరుచుకున్నాయి. ఎక్కువ పొరలున్న పేజీల దగ్గరే సాఫ్ట్‌వేర్ ఆగుతున్నది. డిస్కును చూస్తే పాత ఆల్బమ్‌లతో నిండిపోయి ఉన్నది. వాటిని వేరొక డిస్కుకు మార్చగానే పని సాగింది. అయితే సేవ్ చేయని తలంబ్రాల పేజీని మాత్రం మొదటి నుండి కూర్చవలసి వచ్చింది. 2012లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్6 నుండి నియమిత వ్యవధిలో పనిని తనంతట తానే భద్రపరిచే సదుపాయం ఉన్నది. అయినా చేతి అలవాటుకు అది ప్రత్యామ్నాయం కాదు.

తొందరలో ఉన్నవానికే నిదానం ఎక్కువ అవసరం. ఆ మాటకున్న రెండు అర్థాలు ఒకదానినొకటి ఆశ్రయించి ఉన్నాయి. స్థిమితంగా చూసినవాడే కారణాన్ని కనుగొంటాడు.

ప్రశ్నలు
1. ‘నిదానం’ అనే పదానికి గల రెండు అర్థాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. ఒకసారి ఒక్క మార్పే ఎందుకు చేయాలి?
3. 32 ప్లగిన్లలో ఒకటి దోషి అయితే ఎన్ని పరీక్షలు అవసరమవుతాయి?