నాయకులు వదలి వెళ్ళినది

ఇస్లామీయ చరిత్రలో గొప్ప నాయకుడెవరని పిల్లలు అడిగితే మనం సాధారణంగా జయించిన దేశాల పేర్లు చెబుతాము. సహాబాల స్థానం వేరు, ఇతరులను వారితో సమానం చేయటం మన ఉద్దేశ్యం కాదు. అయితే ఒక నాయకుడు మరణించాక ఏమి మిగిలిందన్న ఒక్క విషయంలో మాత్రం పోల్చి చూద్దాము.

సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ (రహ్మ) హిజ్రీ 583 (క్రీ.శ. 1187)లో బైతుల్ మఖ్దిస్‌ను తిరిగి సాధించారు. 1099లో క్రైస్తవ సేనలు ఆ నగరంలో రక్తం పారించాయి. ఆయన మాత్రం పురుషునికి 10, స్త్రీకి 5, బిడ్డకు 1 దీనారు చొప్పున పరిహారం తీసుకుని ప్రజలను వెళ్ళనిచ్చారు. చెల్లించలేని పేదలు వేలల్లో ఉన్నారు. ఆయన సోదరుడు అల్‌ఆదిల్ వారిలో వెయ్యిమందిని అడిగి తీసుకుని విడిచిపెట్టారు. అయినా చాలామంది బానిసలయ్యారు. ఈ మాట కూడా దాచకూడదు. 1193లో సుల్తాన్ మరణించినప్పుడు ఖజానాలో ఉన్నవి ఒక బంగారు నాణెం, 47 దిర్హములేనని ఆయన ఖాజీ ఇబ్ను షద్దాద్ వ్రాశారు. కాని 1229లో ఆ అల్‌ఆదిల్ కుమారుడే, యుద్ధం లేకుండా, ఒప్పందం ద్వారా నగరాన్ని ఫ్రెడరిక్ చక్రవర్తికి అప్పగించాడు. మన బయానులలో హిత్తీన్ విజయం వినిపించినంతగా ఈ సంగతి వినిపించదు.

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) సుమారు రెండున్నరేళ్ళే పాలించారు. కొత్త దేశాలు జయించటం అటుంచి, కుస్తుంతునియా ముట్టడిలో ఉన్న సేనను వెనక్కి పిలిపించారు. ఇస్లాం స్వీకరించినవారి నుండి జిజియా వసూలును ఆపించారు. ఆదాయం తగ్గుతుందని అధికారులకు ఇది నచ్చలేదు. 720లో ఆయన మరణించాక ఆ సంస్కరణలు చాలావరకు నిలవలేదు. అయితే ఉలమాలు మరణిస్తే వారితోపాటు జ్ఞానమూ పోతుందని భయపడి, హదీసులను సేకరించి వ్రాయమని మదీనాలోని అబూబక్ర్ ఇబ్ను హజ్మ్‌కు ఆయన లేఖ వ్రాశారు. నేడు మన ఇళ్ళలో చదివే హదీసు గ్రంథాల పరంపరకు ఆ లేఖ గొప్ప ఊతమయ్యింది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇరాఖ్ వశమైనప్పుడు భూములను తమకు పంచమని సైనికులు కోరారు. హజ్రత్ బిలాల్ (రజి) వంటివారు సైతం పట్టుబట్టారు. అంతా ఇప్పుడే పంచివేస్తే తరువాత పుట్టేవారి మాటేమిటన్నది ఆయన వాదన. హష్ర్ సూరాలో తరువాత వచ్చేవారి ప్రస్తావన ఉందని చూపారు. భూములు సాగుచేసేవారి చేతిలోనే ఉన్నాయి, వాటి ఖరాజ్ (శిస్తు) బైతుల్‌మాల్‌కు చేరింది. ఆ రాబడి ఏ ఒక్క తరానిదీ కాకుండా పోయింది.

హిజ్రీ 23 (క్రీ.శ. 644)లో కత్తిపోటుకు గురై మరణశయ్యపై ఉన్నప్పుడు ఖలీఫాను ఎన్నుకునే పనిని ఆయన ఆరుగురు సహాబీలకు అప్పగించారు. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) సలహా సమావేశంలో కూర్చోవచ్చు, కాని ఖిలాఫత్‌లో అతనికి భాగం లేదన్నారు. తన అప్పు ఎంతో లెక్క చూడమని కూడా ఆ కుమారునికే చెప్పారు. సుమారు 86 వేలని తేలింది. దానిని తమ కుటుంబ ఆస్తి నుండి తీర్చమని ఆదేశించారు.