మతిమరుపు వెనుక ఎన్ని శాస్త్రాలు!

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉందని లాసీ-డ్యాడ్ అధ్యయనం 2023లో అంచనా కట్టింది. పెద్ద వయసువాళ్ళ మీద దేశమంతటా జరిగే లాసీ సర్వేలో ఇది ఒక భాగం. డిమెన్షియా మగవాళ్ళలో 5.8 శాతమైతే ఆడవాళ్ళలో 9 శాతం. ఎందుకీ తేడా? బయాలజీ చదివినవాళ్ళు జన్యువుల్లో వెతుకుతారు. సైకాలజీ వాళ్ళు దిగులునూ ఒంటరితనాన్నీ చూస్తారు. ఆ తరం ఆడపిల్లల్ని బడికి పంపిందెవరని సామాజిక శాస్త్రం అడుగుతుంది. ఏ ఒక్కరి జవాబూ చాలదు. ఈ మూడింటినీ కలిపి చదివే పరిశోధకులు మనకు చాలా తక్కువ. జంషెడ్‌పూర్‌లో ప్లస్ టూ, డిగ్రీ చదువుతున్న తెలుగు పిల్లలు ఈ రంగాన్ని తప్పక చూడాలని నా కోరిక.

ముందు జన్యువుల సంగతి. ఆడవాళ్ళ కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. వాటిలో ఒకటి చాలావరకు పనిచేయకుండా ఆగిపోతుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. అయితే ఆగిపోయిన ఎక్స్ మీద కూడా కొన్ని జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గడం మెదడుపై చూపే ప్రభావం మరొకటి. లెక్క కట్టడం కష్టమని చాలా జన్యు అధ్యయనాలు ఎక్స్ క్రోమోజోమును పక్కన పెట్టేశాయి. స్టాటిస్టిక్స్ ఇష్టపడే విద్యార్థికి ఇక్కడ బోలెడంత పని మిగిలి ఉంది.

ఈ దారిలో ముందే నడిచినవారు మనకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టర్. పార్కిన్సన్స్ లక్షణాలు తెచ్చే విషాన్ని ఆడ ఎలుకలు మగవాటికంటే బాగా తట్టుకుంటాయని, దానికి గ్లుటారెడాక్సిన్ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండటం ఒక కారణమని, అందులో ఈస్ట్రోజెన్ పాత్ర ఉందని ఆమె బృందం 2004లో చూపింది. తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ ఆమె నాయకత్వంలోనే రూపుదిద్దుకుంది. నలభై అయిదు దాటినవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనాన్ని ఆ కేంద్రం కోలార్ జిల్లా శ్రీనివాసపురలో, తెలుగు బాగా వినిపించే పల్లెల్లో నడుపుతోంది. బెంగళూరు నగరంలో నడిచే అలాంటి మరో అధ్యయనానికి టాటా ట్రస్టులు డబ్బిచ్చాయి. జంషెడ్‌పూర్ వాళ్ళకు ఆ పేరు పరిచయం చేయక్కర్లేదు.

ఇక బడి సంగతి. నా దృష్టిలో అసలు మెలిక ఇక్కడే ఉంది. జ్ఞాపకశక్తి పరీక్షలు చాలామటుకు చదువుకున్నవాళ్ళ కోసం తయారైనవి. అక్షరం ముక్క రాని పెద్దామెను వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటే ఆమె ఆగిపోతుంది. అది మెదడు లోపమా, బడి లేకపోవడమా? అందుకే మన దగ్గర హిందీలో తయారు చేసిన పరీక్షలో వారాల పేర్లు వెనక్కి చెప్పమంటారు. ఆడవాళ్ళ మార్కులు తగ్గడానికి చదువు లేమి ఒక ముఖ్య కారణమని లాసీ సమాచారంతో చేసిన విశ్లేషణలు చెబుతున్నాయి. డీఎన్ఏ ఎంత లోతుగా చదివినా ఆ సంగతి అందులో దొరకదు.

దిగులుదీ ఇదే కథ. మనసు బాగోలేదని నోరు తెరిచి చెప్పే పెద్దామెలు ఎందరు? కాళ్ళు పీకుతున్నాయనో, నిద్ర పట్టడం లేదనో అంటారు. అరవై దాటినవాళ్ళలో 8.3 శాతం మందికి తీవ్రమైన డిప్రెషన్ ఉండవచ్చని లాసీ పరీక్షల్లో తేలింది. డాక్టర్ తమకు డిప్రెషన్ ఉందని చెప్పారన్నవాళ్ళు ఒక్క శాతం కూడా లేరు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పక్కింట్లో బెంగాలీ, బస్తీలో హో లేదా సంతాలీ వింటూ పెరిగిన జంషెడ్‌పూర్ పిల్లలకు ఆ మాటల వెనకున్నది పట్టుకునే చెవి ఉంటుంది. దాన్ని ఒక అర్హతగానే లెక్కపెట్టుకోండి.

మరి ఏం చదవాలి? ముందు ఒక శాస్త్రంలో గట్టిగా పాతుకోవాలి, రెండోది తర్వాత జోడించుకోవాలి. జన్యుశాస్త్రం వైపైతే బీఎస్సీ తర్వాత ఐఐటీ జామ్ లేదా గ్యాట్-బి, ఆపైన సీఎస్ఐఆర్ నెట్. దగ్గర్లో బెంగాల్‌లోని కల్యాణిలో జాతీయ బయోమెడికల్ జీనోమిక్స్ సంస్థ ఉంది, హైదరాబాద్‌లో సీసీఎంబీ సరేసరి. మానసిక ఆరోగ్యం వైపైతే రాంచీ కాంకేలో 1918 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ, దాని పొరుగునే రిన్‌పాస్ అనే మరో మానసిక వైద్య సంస్థ ఉన్నాయి. క్లినికల్ సైకాలజీ కోర్సుల నిబంధనలు మారుతున్నాయి. చేరేముందు ఆ కోర్సుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో స్వయంగా చూసుకోండి. లెక్కలు ఇష్టమైతే కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ), జనాభా అధ్యయనానికి ముంబైలో ఐఐపీఎస్ ఉన్నాయి. వైద్యంలో చేరేవాళ్ళకు ఊళ్ళోనే ఎంజీఎం, బారీడీలో 2020లో మొదలైన మణిపాల్ టాటా మెడికల్ కాలేజీ ఉన్నాయి.

కష్టం కూడా చెప్పాలి. పీహెచ్‌డీకి అయిదారేళ్ళు పడుతుంది. 2023 జనవరి నుంచి, పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, దానిపై ఇంటద్దె భత్యం. ప్రాజెక్టు ఉద్యోగాలు చాలావరకు ఏడాదికో రెండేళ్ళకో ముగిసిపోతాయి. త్వరగా స్థిరమైన జీతం కావాల్సిన ఇంటి పిల్లలు ముందు డేటా విశ్లేషణ నేర్చుకుని ఉద్యోగంలో కుదురుకుని, ఆ తర్వాత ఇటు వచ్చినా తప్పేమీ లేదు.

మొదలుపెట్టడానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. 72 వేల మందికి పైగా చెప్పిన వివరాలతో ఉన్న లాసీ మొదటి విడత సమాచారం దరఖాస్తు చేసుకున్న విద్యార్థులకు ఉచితంగా దొరుకుతుంది, విశ్లేషణకు వాడే ‘ఆర్’ సాఫ్ట్‌వేరూ ఉచితమే. జార్ఖండ్ వివరాలు విడదీసి, ఆడవాళ్ళలో, మగవాళ్ళలో చదువు, దిగులు ఎలా ఉన్నాయో చూపే ఒక పట్టిక వేసి మీ లెక్చరర్‌కు చూపించండి. ఈ సెలవుల్లోనే ఆ పని మొదలుపెట్టండి.