ఒకటో తారీఖున అడుగు

కాకినాడ,
మే నెల, ఆదివారం

చిరంజీవి బుజ్జికి,

అత్తయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మావయ్యా నేనూ క్షేమం. ఎండలు మాత్రం మాడ్చేస్తున్నాయి. కేజీ గొట్టం కాజాలు కొరియర్లో పంపాను. అందగానే స్టీలు డబ్బాలోకి మార్చు. అన్నీ నీ శిష్యులకి పంచిపెట్టకుండా రెండైనా నువ్వు తిను.

ఇక విషయానికి వస్తాను. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, అద్దె కట్టడానికి నువ్వు ఆ నల్ల యమహా గిటార్ అమ్మేశావని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. "32 మంది చేరారత్తయ్యా, అంతా బాగుంది" అని రాశావు. 32 మంది శిష్యులున్నవాడు వాద్యం అమ్ముకోవడం ఏమిట్రా? నువ్వు ఉద్యోగం మానేసి కూకట్‌పల్లిలో గిటార్ క్లాసులు పెట్టినప్పుడు ఇంటిల్లిపాదీ నిన్ను తిడితే నేను ఒక్క మాటైనా అన్నానా? ఇప్పుడు అంటాను, విను.

నువ్వు చెప్పిన లెక్కే తీసుకుందాం. మనిషికి నెలకి 1,500 చొప్పున 32 మందికి 48,000 రావాలి. పోయిన నెల వచ్చింది 29,000 అని మీ అమ్మ దగ్గర కూపీ లాగాను. క్లాసుల కోసం తీసుకున్న రెండు గదులకి అద్దె 18,000. కరెంటు, నెట్, తీగలు, కుర్చీలకి వాయిదా పోగా మిగిలింది నీ మెస్సు బిల్లుకే చాలదు. మరి ఆ 19,000 ఎక్కడుంది? పిల్లల తండ్రుల జేబుల్లో ఉంది. వాళ్లేమీ ఎగ్గొట్టేవాళ్లు కారు. నువ్వు అడగలేదు, వాళ్లు మర్చిపోయారు, అంతే.

"చదువు చెప్పి చెయ్యి చాపడం ఏం బావుంటుంది, వాళ్లే ఇస్తార్లే" అని సంక్రాంతికి వచ్చినప్పుడు అన్నావు. అచ్చం మీ తాతయ్య పోలిక. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. ఉత్తరంలో రాసేది కాదు, మీ నాన్నని అడుగు. పైగా త్యాగయ్యగారు రాజు పంపిన ధనం వద్దన్నారని నాకే ఎదురు పాఠం చెప్పావు. వద్దన్నారని నేనూ విన్నాను. ఆయన ఉంఛవృత్తి కూడా చేశారు నాయనా. కీర్తనలు పాడుకుంటూ వీధివీధీ తిరిగి బియ్యం తెచ్చుకున్నారు. కూకట్‌పల్లిలో నువ్వు చెంబు పట్టుకుని బయల్దేరితే ఏ అపార్టుమెంటు వాచ్‌మన్ గేటు తీస్తాడు? ద్వారం వెంకటస్వామి నాయుడుగారి సంగతి చూడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు అందులో వయొలిన్ చెప్పడానికి చేరారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. నెల జీతం పుచ్చుకున్నారు. అందువల్ల ఆయన కమానులో నాదం తగ్గిందని అన్నవాడు నాకైతే తగల్లేదు.

నాకు మా మాస్టారు గుర్తొస్తారు. సైకిలు క్యారియర్‌కి వయొలిన్ పెట్టె కట్టుకుని రామారావుపేట నుంచి జగన్నాథపురం దాకా ఇంటింటికీ వెళ్లి చెప్పేవారు. ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చేవారు, దాంతోపాటే "వచ్చే నెల చూద్దాం మాస్టారూ" అనేవారు. ఓ రైసుమిల్లు యజమాని ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలకి చెప్పారు. ఎప్పుడూ నెలల బాకీయే. పెద్దపిల్ల పెళ్లిలో మాత్రం మాస్టార్ని పిలిచి, నలుగురి ముందూ శాలువా కప్పారు. ఆ శాలువాతో ఆయన ఇంటికి వచ్చేసరికి, మాస్టారి భార్య కొట్లో పద్దు రాయించి తెచ్చిన కందిపప్పు పొయ్యి మీద పెడుతోంది. నేను అరుగు మీద కూచుని వర్ణం వాయించుకుంటున్నాను. ఆవిడ శాలువా అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని పులుసులో వెయ్యమంటారా?" అంది. మాస్టారు పకపకా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అందుకే పెళ్లయ్యాక గాంధీనగర్లో పాఠాలు మొదలుపెట్టిన రోజునే గుమ్మం పక్కన పలక తగిలించాను, ఫీజు అయిదో తారీఖు లోపల కట్టవలెను అని. సరస్వతిని సంతలో పెట్టానని మా అత్తగారు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఆ డబ్బుతోనే ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది. తరవాత నుంచి ఆ పలక మీద దుమ్ము తుడిచింది ఆవిడే. పలక చూసి ఇద్దరో ముగ్గురో మానేశారు. పలక లేకపోయినా వాళ్లు ఇచ్చే రకం కాదు.

కాబట్టి జూన్ నుంచి ఇలా చెయ్యి. ఫీజు నెల మొదట్లోనే, క్లాసు మొదలవకముందే. ముందు నెల 28న అందరికీ ఒకే వాట్సాప్ మెసేజ్ పెట్టు. అందులో క్షమాపణలు, దయచేసి, వీలుంటే, ఏమనుకోకండి లాంటివి ఒక్కటీ ఉండకూడదు. తారీఖు, మొత్తం, ఫోన్‌పే నంబరు, అంతే. నువ్వు రాసే మెసేజ్ ముందు నాకు పంపు, నేను దిద్దుతాను. నవ్వకు, నిజంగానే అంటున్నాను. "మావాడు నాలుగు క్లాసులు రాలేదండీ, తగ్గించండి" అనేవాళ్లు వస్తారు. పిల్లాడు స్కూలు బస్సెక్కని రోజుకి బస్సు ఫీజు తగ్గించమని ఎవరైనా అడుగుతారా? నీ క్లాసులో చోటూ అంతే. వాడి కోసం కుర్చీ ఖాళీగా ఉంచావు, ఆ గంట మరొకళ్లకి ఇవ్వలేదు. మరీ అయితే నెలకి ఒక్క క్లాసు వేరే బ్యాచ్‌లో కూచోనియ్యి. డబ్బు మాత్రం వెనక్కివ్వకు.

ఇవ్వలేని పిల్లలుంటారు. ఒకరికో ఇద్దరికో ఉచితంగా చెప్పు. మా మాస్టారు నాకు అలాగే చెప్పారు. కానీ ఎవరికో ముందే అనుకుని, వాళ్లకి మాత్రమే చెప్పు. కారు దిగి వచ్చేవాడు బాకీ పెడితే దానికి దానం అని పేరు పెట్టుకోకు.

ఇంకో సంగతి. ఫీజు అడగలేనివాడు ధర కూడా సరిగ్గా పెట్టలేడు. కొంతమందికి విడిగా వారానికి రెండు గంటలు చెబుతున్నావుట. నెలకి ఎనిమిది గంటలకి 1,500 అంటే గంటకి 190 రూపాయలైనా పడదు. మా వీధి చివర ఎలక్ట్రీషియన్ ఫ్యాను విప్పడానికే అంతకంటే ఎక్కువ తీసుకుంటాడు. అదే గంటలో ఒకే స్థాయివాళ్లని నలుగురిని కూచోబెడితే గంటకి 750. పిల్లలకీ అదే మంచిది. పక్కవాడు గిటార్ మీద మార్చిన కార్డు చూసి వీడూ పట్టుబట్టి మారుస్తాడు. విడిగానే కావాలన్నవాళ్లకి మూడింతలు చెప్పు. కొత్తగా చేరేవాళ్లకి జూన్ నుంచే కొత్త ధర. పాతవాళ్లకి దసరా దాకా పాతదే ఉంచి, ఆ సంగతి ఇప్పుడే చెప్పెయ్యి.

స్కూలు పిల్లలు నీకు దొరికేది సాయంత్రం అయిదింటి నుంచి ఎనిమిదింటి దాకా, శని ఆదివారాలూ. ఎంత పొడిగించినా వారానికి పాతిక గంటలు. అద్దె మాత్రం రోజుకి 24 గంటలకీ కడుతున్నావు. పొద్దున పదింటికి ఆ గదిలో ఎవరుంటున్నారు? పిల్లల్ని స్కూలుకి పంపిన తల్లులు, రిటైరైన బ్యాంకువాళ్లు, కుర్రతనంలో గిటార్ కొనుక్కుని అటక మీద పెట్టినవాళ్లు మీ కాలనీలో బోలెడంతమంది ఉంటారు. హ్యాపీడేస్ సినిమా 2007లో వచ్చింది కదా, అప్పుడు ఇంజనీరింగ్ చదువుతూ గిటార్ కొన్న కుర్రాళ్లకి ఇప్పుడు నలభై దగ్గర పడుతోంది. వాళ్ల చేతిలో జీతం ఉంది, కళ్లలో కోరిక ఉంది. ముఖ్యంగా వాళ్లకి పదో తరగతి పరీక్షలు లేవు.

మన ఊళ్లలో సంగీతం చెప్పేవాళ్లని ముంచేది పదో తరగతే కదా. తొమ్మిది దాకా బంగారంలా వాయించిన పిల్ల ఒక రోజు రావడం మానేస్తుంది. ఇంటర్లో చేరితే ఇక సూర్యుణ్ణే చూడదు, గిటార్ ఎక్కడ చూస్తుంది? నాకు అలా పోయిన పిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి. వాళ్లని ఆపలేం. అందుకే ఎనిమిది నుంచి పదకొండేళ్లవాళ్లని ఎక్కువగా చేర్చుకో, నీతో కొన్నేళ్లుంటారు. వేసవి సెలవుల్లో జాతరలా వచ్చి జూన్ రెండో వారానికి మాయమయ్యేవాళ్లని చూసి రెండో బ్రాంచి ఊహలు పెట్టుకోకు. ఏప్రిల్, మే నెలల డబ్బులో సగం విడిగా ఖాతాలో వేస్తే మార్చి పరీక్షల నెలలో అద్దెకి పనికొస్తుంది.

న్యూజెర్సీలో ఉన్న మన పద్మ పిల్లలకి చెబుతానన్నావు, చెప్పు. అక్కడ రాత్రి ఎనిమిదికి మనకి తెల్లవారుజామున అయిదున్నర, చలికాలంలో ఆరున్నర. మార్చిలోనూ నవంబరులోనూ వాళ్లు గడియారం మారుస్తారు, కాలెండర్లో గుర్తు పెట్టుకో. జూమ్‌లో ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు, ధ్వని వెనకబడుతుంది. నువ్వు వాయించి ఆగు, తరవాత వాడు వాయిస్తాడు. చుట్టాలని ఫీజు మానకు! పద్మతో నేను మాట్లాడతాను.

చేరినవాళ్లు నిలబడటం గురించి నీకు నేను చెప్పేదేముంది, చెప్పడంలో నీకు నాకంటే ఓపిక ఎక్కువ. అయినా నోరూరుకోదు. మొదటి నెల వేళ్లు మండుతాయి, ఆ నెలలోనే సగం మంది మనసులో మానేస్తారు. తల్లిదండ్రులకి ఆ సంగతి చేరే రోజునే చెప్పు. చిన్నవాళ్లకి నైలాన్ తీగలున్న చిన్న సైజు గిటార్ కొనిపించు. చవగ్గా వస్తుందని ఆన్‌లైన్లో తెప్పించిన వాటికి తీగలు ఫ్రెట్ల మీద ఎత్తుగా ఉంటే నొక్కలేక పిల్లాడు తనకి రాదనుకుంటాడు. నెల తిరిగేలోపు రెండు కార్డులతో ఇంట్లో వాయించి చూపించడానికి ఒక పాట ఉండాలి. ఎఫ్ బార్ కార్డు దగ్గర చాలామంది ఆగిపోతారని నువ్వే చెప్పావు. ఆ కార్డు వచ్చే ముందు వారం వాళ్లకి కొత్త పాటేదో ఇవ్వు. ట్రినిటీ సంగీత పరీక్షలకి కట్టించు, ఇనిషియల్ నుంచి ఎనిమిదో గ్రేడు దాకా ఉంటాయి. మన తండ్రులకి సర్టిఫికెట్ అంటే ప్రాణం. ఇళయరాజాగారు కూడా ట్రినిటీలో క్లాసికల్ గిటార్ పరీక్ష పాసయ్యారని చెప్పు, ఫీజు గురించి నోరెత్తరు. అయితే ఏడాదంతా పరీక్షకి పెట్టిన మూడు పాటలే రుద్దకు, ప్రాణం విసిగిపోతుంది.

మీ నాన్న గిటార్ మన వాద్యం కాదని గొణుగుతాడు, పట్టించుకోకు. వయొలిన్ ఎక్కణ్ణుంచి వచ్చింది? బాలస్వామి దీక్షితులుగారు దొరల దగ్గర నేర్చుకుని మన కచేరీలోకి తెస్తే వచ్చింది. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయిస్తే అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. నువ్వు ఏ వాద్యం పట్టినా నాకు ముద్దే. మొన్నటి ఫొటోలో మాత్రం బాగా చిక్కిపోయావు. రాత్రి పదింటికి పరోటాలు తింటున్నావుట, మానెయ్యి. బ్యాచ్‌ల మధ్య అరగంట ఖాళీ పెట్టుకుని అన్నం తిను. ఆ అరగంట ఎంతమంది అడిగినా అమ్మకు.

పన్నుల గొడవకి ఇప్పుడే బెంగ వద్దు. ఏడాదికి 20 లక్షలు దాటే దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదని మావయ్య చెప్పమన్నాడు. ఆదాయం మాత్రం నోటు పుస్తకంలో రోజూ రాయి. ఎడం పక్క రావలసింది, కుడి పక్క వచ్చింది. ఆ రెండు వరసలూ ఎక్కడ తేడా వచ్చాయో చూస్తే నేనింత రాయడం ఎందుకో నీకే తెలుస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదు, ఇక కూకట్‌పల్లివాళ్లు పెడతారా?

అన్నట్టు నీకు డబ్బు పంపమని మీ అమ్మ అడిగింది. పంపను. కోపం తెచ్చుకోకు, నాకు చేతిలో లేక కాదు. బయట నీ కష్టార్జితం 19,000 ఉంటే నేనెందుకు పంపాలి? అది వసూలు చేసుకున్నాక ఇంకా తక్కువైతే అడుగు, ఇస్తాను.

జూన్ ఒకటి సాయంత్రం క్లాసులు అయ్యాక నాకు ఫోన్ చెయ్యి. కుశలం తరవాత అడుగుతాను, ముందు ఎంతమంది కట్టారో చెప్పు. కట్టనివాళ్ల పేర్లు రాసి పెట్టుకుని, రెండో తారీఖు పొద్దున్నే ఒక్కొక్కళ్లకీ విడిగా మెసేజ్ పెట్టు.

ఇట్లు,
నీ అత్తయ్య